వాటా ఎవరిది, వీటో ఎవరిది?

స్వచ్ఛంద సంస్థల మీటింగుల్లో ఇప్పుడు 'స్టేక్‌హోల్డర్' అనే మాట లేకుండా పూట గడవదు. దాత, ప్రభుత్వం, ఉద్యోగి, ఊరు, అందరూ వాటాదారులేనట. నా పేచీ ఆ మాటతోనే. వాటా అందరిదీ అయితే, 'వద్దు' అనే హక్కు డబ్బిచ్చేవాడికే ఎందుకుంది?

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ పెద్ద కంపెనీలను మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టమంది. ఏ పనులకో ఏడో షెడ్యూల్ చెప్తుంది. చదువు, ఆరోగ్యం, పారిశుద్ధ్యం ఉన్నాయి. పోడు పట్టా అన్న మాట లేదు. మరి మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం ఊళ్లలో 2006 అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తులు రాయించే సంస్థ దేనిమీద బతకాలి? మెల్లగా మరుగుదొడ్ల సంస్థ అయిపోతుంది. ఎవరూ బలవంతపెట్టరు. ప్రపోజల్ ఫారంలో పోడుకు గడి ఉండదు, అంతే.

విదేశీ నిధుల దారీ ఇరుకైంది. 2020 సవరణతో ఒక సంస్థ తెచ్చుకున్న విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. హైదరాబాద్ సంస్థ ద్వారా ఆ నిధి అందుకునే జిల్లా సంస్థకు తలుపు మూసుకుంది.

కంపెనీలు తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే 135వ సెక్షన్ చెప్తుంది. భూపాలపల్లిలో అంటే బొగ్గు. బొగ్గు డబ్బుతో నడిచే సంస్థ ఓపెన్‌కాస్ట్ దుమ్ము గురించి గ్రామసభలో నోరు విప్పుతుందా?

"దాతలు లేకుండా పనెట్లా నడుస్తది?" అంటారు. డబ్బు తీసుకోవడం పాపమని నేననట్లేదు. జనగామ జిల్లా ఏనబావిని చూడండి. స్థానిక సంస్థ క్రాప్స్, హైదరాబాద్‌లోని సుస్థిర వ్యవసాయ కేంద్రం ఆ ఊరికి తోడు నిలిచాయి. కానీ ఎరువులు, పురుగుమందులు, జన్యుమార్పిడి విత్తనాలు వద్దనుకున్నది ఊరు ఊరంతా కలిసి. రైతులు రేపు మళ్లీ మందు డబ్బా పట్టుకుంటే ఏ సంస్థా ఏనబావి పేరు చెప్పుకోలేదు. వాటా అంటే అదీ.

కాబట్టి దాతకు ఇంగ్లీషులో పంపే లెక్కల్ని గ్రామసభలో తెలుగులో, తండాలో లంబాడీలో చదవండి. కార్యవర్గంలో ఊరివాళ్లకు ఓటివ్వండి. కుదరదంటారా, వాళ్లను స్టేక్‌హోల్డర్లు అనకండి. 'లబ్ధిదారులు' అనే పాత మాటే నయం. ఇచ్చే చెయ్యెవరిదో, పుచ్చుకునే చెయ్యెవరిదో అదన్నా దాచదు.