కుక్కపిల్లయు, బీమాపత్రమును

బ్రిటనులో ఒక కుటుంబము ఎనిమిది వారముల కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకొనగనే రెండు ప్రశ్నలు ఎదురగును. దానికి ఏ పేరు పెట్టవలెననునది మొదటిది. ఏ బీమా చేయింపవలెననునది రెండవది. మొదటిదానిని పిల్లలు సాయంకాలములోగా తేల్చివేయుదురు. రెండవదానికై పెద్దలు వారము దినములు కాగితములు తిరుగవేసినను సందేహము తీరదు. కుక్కకు బీమా యేమని తెలుగు పల్లెలలో నవ్వువారుందురు. కాని పాడిగేదెకు బీమా చేయించిన రైతునకు ఇందు వింత తోపదు. గేదె బీమా ముఖ్యముగా గేదె చచ్చిన పిదప దాని వెలను ఇప్పించును. కుక్క బీమా ముఖ్యముగా కుక్కను బ్రతికించుటకగు వ్యయమును భరించును. భేదమంతయు ఇందే కలదు. మొదటిదానిలో నష్టము ఇంతయని ముందే తెలియును, రెండవదానిలో తెలియదు.

ఈ యాచారము నిన్న మొన్న పుట్టినది కాదు. స్వీడను దేశమున పందొమ్మిదవ శతాబ్దాంతమునకే గుఱ్ఱములకు, పశువులకు బీమా చేయుట కలదు. 1924లో ఆ దేశముననే ఒక కుక్కకు బీమా వ్రాయబడినది. బ్రిటనులో 1947లోను, అమెరికాలో 1982లోను ఈ పద్ధతి ప్రవేశించినది. నాడు వినోదముగా తోచినది నేడు పెద్ద వ్యాపారము. 2023లో బ్రిటిషు బీమా సంస్థలు పెంపుడు జంతువుల నిమిత్తము చెల్లించిన సొమ్ము నూరు కోట్ల పౌండ్లను మించినది.

ఇంత ధనము ఏల వ్యయమగుచున్నది? 1948లో జాతీయ ఆరోగ్య సేవ నెలకొనిన నాటినుండి బ్రిటిషు పౌరుడు తన చికిత్సకు వైద్యశాలలో బిల్లు చూచుట అరుదు. శస్త్రచికిత్సకు వెల యెంతయో, ఒక రాత్రి పడకకు వెల యెంతయో అతడు ఎఱుగడు. ఆ సేవ పశువులకు వర్తింపదు గనుక, వైద్యపు వెల అతనికి మొదటిసారి తెలియునది తన కుక్క జబ్బుపడినప్పుడే. ఆ వెలయు స్థిరముగా లేదు. వ్యాపారములలోని పోటీని పర్యవేక్షించు ప్రభుత్వ సంస్థ 2024 మే నెలలో పశువైద్య సేవలపై విచారణ ప్రారంభించి, 2025 అక్టోబరులో తాత్కాలిక నిర్ణయములను వెలువరించినది. 2016కును 2023కును నడుమ పశువైద్యుల ధరలు సగటున నూటికి 63 వంతులు పెరిగినవని అందు తేలినది. 2013లో వైద్యశాలలలో నూటికి 10 వంతులు మాత్రమే పెద్ద సంస్థల చేతిలో నుండగా, పదియేండ్లలో అవి ఇంచుమించు 60 వంతులైనవి. ధరల పట్టికను బహిరంగముగా ప్రకటింపవలెననియు, వైద్యశాల ఎవరి యాజమాన్యమున నున్నదో తెలుపవలెననియు ఆ సంస్థ ప్రతిపాదించినది.

ఇట్టి స్థితిలో బీమా కొనువాని ముందు నాలుగు తెరగుల పత్రములుండును. మొదటిది ప్రమాదములకు మాత్రమే. కాలు విరిగిన ఇచ్చును, జ్వరము వచ్చిన ఇయ్యదు. రెండవది జబ్బులకును వర్తించును గాని, ఒక్కొక్క జబ్బుకు సాధారణముగా పండ్రెండు నెలల గడువు విధించును. మూడవది గడువు పెట్టక, ఒక్కొక్క జబ్బుకు ఇంత మొత్తమని హద్దు పెట్టును. అది తీరిన పిదప ఆ జబ్బుకు మరి పైసయు రాదు. నాలుగవది యావజ్జీవ పత్రము. ఏటేట ప్రీమియము కట్టుచున్నంత కాలము, సంవత్సరమునకు ఇంతయను హద్దు ప్రతియేడును మరల క్రొత్తగా లభించును. దీని వెలయే అన్నింటికంటె హెచ్చు.

పై చూపునకు ఇది చవుక, ప్రియము అను బేరముగా కనిపించును. అసలు చిక్కు వేరొకచోట నున్నది. బీమాకు పూర్వమే కనిపించిన జబ్బుకు సాధారణముగా ఏ సంస్థయు ధనమీయదు. కుక్కపిల్లకు పూర్వచరిత్ర లేదు. అందువలన మొదటి వారములలో ఏ సంస్థయైనను దానిని ఆదరముతో స్వీకరించును. నాలుగేండ్లకు చర్మరోగమో, మధుమేహమో బయటపడినదనుకొందము. అప్పుడు యజమాని చవుకపత్రమును విడిచి మంచి పత్రమునకు మారదలచినచో, క్రొత్త సంస్థకు ఆ జబ్బు పాతజబ్బగును. అక్కరలేని నాడు ఎంచుకొను స్వేచ్ఛ నిండుగా నుండును. అక్కర పడిన నాడు ఆ స్వేచ్ఛ యుండదు. తొలినాటి సంతకము పది పండ్రెండేండ్ల జీవితమును బంధించునను సంగతి ప్రకటనలలో పెద్దయక్షరములతో కనిపించదు. ఒక మోకాలు చెడిన పిదప రెండవ మోకాలును అదే జబ్బుగా లెక్కించు నిబంధనలును కొన్ని పత్రములలో కలవు.

ఇక లెక్క సంగతి. పత్రమున్నంత మాత్రమున బిల్లు మొత్తము సంస్థ చెల్లించునని తలచుట పొరపాటు. మొదట కొంత సొమ్ము యజమానియే భరింపవలెను. దీనిని ఎక్సెస్ అందురు. కుక్క ముసలిదైన కొలది మిగిలినదానిలోను ఒక భాగము అతనిపై బడుట కలదు. మచ్చునకు, బిల్లు 2,000 పౌండ్లు, ఎక్సెస్ 100, యజమాని భాగము నూటికి 20 అనుకొందము. ఎక్సెస్ పోగా మిగిలినది 1,900. అందు 20 వంతులు 380. యజమాని చెల్లించునది 480, సంస్థ చెల్లించునది 1,520. ఉన్నత పాఠశాల విద్యార్థి నిమిషములో చేయగల ఈ లెక్కను సంతకమునకు ముందు చేసికొనువారు తక్కువ.

జాతిని బట్టియు వెల మారును. ముఖము అణగిన పగ్, ఫ్రెంచి బుల్‌డాగ్ జాతులకు ఊపిరి బాధ; నడుము పొడవైన డాక్స్‌హుండునకు వెన్నుపూసల బాధ; లాబ్రడారునకు తుంటికీళ్ల బాధ. మనుష్యుడు తన ముచ్చటకై మలచిన రూపమునకు ప్రాణి బాధతోను, యజమాని ప్రీమియముతోను మూల్యము చెల్లించుచున్నారు. బీమా వ్రాసిన పిమ్మట తొలి పదునాలుగు దినములలో వచ్చిన జబ్బుకు పరిహారము లేదనుట సామాన్య నిబంధన. టీకాల ఖర్చు సాధారణముగా పత్రములో చేరదు. కాని టీకా వేయింపక పోయిన, ఆ టీకా ఆపగలిగిన జబ్బుకు పరిహారము నిరాకరింపబడును. అడిగిన ప్రశ్నలకు కొనువాడు శ్రద్ధతో నిజము చెప్పవలెనని 1, 2 మాటలలో గాక, 2012 నాటి బ్రిటిషు చట్టమే విధించుచున్నది.

బీమా లేకయే నెలనెల కొంత సొమ్ము బ్యాంకులో వేసికొనరాదా అని వాదించువారు కలరు. వాదము అర్థవంతమే. కుక్క ఆరోగ్యముగా నున్నచో ఆ సొమ్ము ఇంటనే నిలుచును. కాని పదియేండ్లకు రావలసిన ఆపద మూడవ నెలలోనే వచ్చిన, నిధిలో మూడు నెలల సొమ్మే యుండును. నిరుపేదలకు 1917లో మరియా డికిన్ స్థాపించిన పి.డి.ఎస్.ఎ. వంటి ధర్మసంస్థలు ఉచితముగనో, స్వల్ప రుసుముతోనో చికిత్స చేయుచున్నవి. ఆ సహాయమునకు అర్హుడు కాక, పెద్ద బిల్లును భరింపలేక నడుమ నలుగువాడు మధ్యతరగతివాడే. నయము కాగల జబ్బైనను సొమ్ము లేక కుక్కకు మరణపు సూది వేయించు దుఃఖము అతని గడపకే వచ్చును.

ఇందొక విషవలయమును కలదు. బిల్లు తాను కట్టనక్కర లేనివాడు వెల అడుగడు. వెల అడుగువాడు లేని చోట వెల తగ్గదు. వెల పెరిగినకొలది ప్రీమియము పెరుగును. ప్రీమియము కట్టలేనివాడు పత్రమును వదలుకొనును. పెరిగిన వెల మాత్రము అతనికిని తప్పదు. కావున బీమా ఒక్కటియే పరిష్కారమనుట పొసగదు. ధరలు బహిరంగమగుటయు, వైద్యుడు ఖరీదైన చికిత్సతోపాటు సామాన్యమైన చికిత్సను కూడ నిస్సంకోచముగా తెలుపుటయు అంతే యవసరము.

భారతదేశమునను ఈ ప్రశ్న తలుపు తట్టినది. ప్రభుత్వరంగ సంస్థలతోపాటు ఇటీవల కొన్ని ప్రైవేటు సంస్థలును కుక్కలకు బీమా వ్రాయుచున్నవి. హైదరాబాదు, విశాఖపట్టణము వంటి నగరములలో కుక్కపిల్లను వేలరూపాయలకు కొనువారు పెరిగిరి. అయితే ఇచట ప్రభుత్వ పశువైద్యశాలలు ఇంకను సామాన్యునకు అందుబాటులో నున్నవి. వాటిని బలపరచుట ఒక్కొక్క ఇంటి బీమాకంటె ఎక్కువమందికి మేలు. రేబీసు టీకా ఏ బీమాకును బదులు కాదు. లక్షణములు కనిపించిన పిదప ఆ జబ్బు ఇంచుమించుగా ఎప్పుడును ప్రాణాంతకమే.

కుక్కపిల్లను ఎంచుకొనునది మమత. పత్రమును ఎంచుకొనవలసినది వివేకము. ఆరోగ్యముగా గంతులు వేయుచున్న పిల్లను చూచి దాని వార్ధక్యమును తలచుట కష్టమే. కాని ఆ పని చేయవలసిన కాలము అదియే.