బయూమస్ మైదానం చెప్పిన పాఠం: పిల్లలకు ఆటలో నమ్మకం ఎక్కడిది?

2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూర్ శివార్లలోని బయూమస్ ఓవల్‌లో అండర్-19 మహిళల టి20 ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. దక్షిణాఫ్రికా 82 పరుగులకే ఆలౌటైంది. భారత్ ఒక్క వికెట్ మాత్రమే కోల్పోయి గెలిచింది. బౌలింగ్‌లో 15 పరుగులిచ్చి 3 వికెట్లు తీసి, తర్వాత 33 బంతుల్లో 44 పరుగులతో అజేయంగా నిలిచిన అమ్మాయి మన భద్రాచలానికి చెందిన గొంగడి త్రిష. టోర్నీ మొత్తంలో 309 పరుగులు, 7 వికెట్లు తీసి ‘ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్’ కూడా ఆమే అయింది.

ఆ తర్వాత కొన్ని వారాల పాటు మలేషియాలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇదే మాట. విశాఖ అమ్మాయి షబ్నం షకీల్, తెలంగాణకే చెందిన కేసరి ధృతి కూడా ఆ జట్టులో ఉండటంతో ఆనందం రెట్టింపైంది. అయితే ఆ ఆనందంలోనే నాకు ఒక విషయం పట్టి చూడాలనిపించింది. చాలామంది తల్లిదండ్రులు ఈ విజయం నుంచి నేర్చుకున్న పాఠం ఒక్కటే: ‘వాళ్ల నాన్న అంత త్యాగం చేశాడు కాబట్టే అమ్మాయి అంతదయింది.’ త్రిష తండ్రి రామిరెడ్డి భద్రాచలంలో ఫిట్‌నెస్ ట్రైనర్‌గా ఉండేవారు. కూతురి ఆట కోసం జిమ్మునూ, పొలంలో కొంత భాగాన్నీ అమ్ముకుని సికింద్రాబాద్‌కు మకాం మార్చారని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. త్రిష కూడా తన అవార్డును తండ్రికే అంకితం ఇచ్చింది. అందులో అనుమానం లేదు. కానీ పొలం అమ్మితే ఆట వస్తుందా? ఇంతకీ ఒక విద్యార్థి మైదానంలో అడుగుపెట్టినప్పుడు ‘నేను చేయగలను’ అనే నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

తొమ్మిది ఊటలు

ఈ ప్రశ్నను శాస్త్రీయంగా పట్టుకున్నవాళ్లున్నారు. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977లోనే చెప్పాడు: మనిషికి తన సామర్థ్యం మీద నమ్మకం కుదరడానికి అన్నిటికంటే బలమైన కారణం తాను స్వయంగా సాధించిన అనుభవం. తనలాంటివాళ్లు సాధించడం చూడటం, నమ్మే మనిషి ఇచ్చే భరోసా, ఆ సమయంలో శరీరం, మనసు ఉన్న స్థితి ఆ తర్వాతివి. 1998లో అమెరికాకు చెందిన రాబిన్ వీలీ, ఆమె సహచరులు హైస్కూల్, కాలేజీ క్రీడాకారులను పరిశీలించి ఆటకు సంబంధించినంతవరకు తొమ్మిది ఊటలను గుర్తించారు. నైపుణ్యం పెరగడం, ఇతరులకంటే మెరుగ్గా ఆడి చూపించడం, శారీరక మానసిక సన్నద్ధత, తన శరీరం నలుగురికీ ఎలా కనిపిస్తోందన్న భావన, ఇంటివాళ్ల, తోటివాళ్ల అండ, కోచ్ నాయకత్వం, ఇతరుల విజయాన్ని చూడటం, మైదానం అలవాటైనదై ఉండటం, ఆ రోజు పరిస్థితులు కలిసిరావడం.

ఈ జాబితాలో చూడాల్సిన తేడా ఒకటుంది. కొన్ని పిల్లల చేతిలో ఉన్నవి: సాధన, సన్నద్ధత, నిన్నటికంటే ఈరోజు కాస్త మెరుగుపడటం. కొన్ని చేతిలో లేనివి: ప్రత్యర్థి ఎవరు, గెలుస్తామా లేదా, జనం ఏమంటారు. చేతిలో లేనివాటి మీద కట్టుకున్న నమ్మకం ఒక్క ఓటమితో కూలిపోతుంది. మన ఇళ్లలో పిల్లలను మనం ఎక్కువగా ఏ ఊటల వైపు తోస్తున్నాం అన్నదే అసలు ప్రశ్న.

త్రిష విషయంలో ఏం జరిగింది?

ఆ 309 పరుగులను మ్యాచ్‌ల వారీగా విడదీసి చూడండి. వెస్టిండీస్‌తో తొలి మ్యాచ్‌లో ఆమె చేసింది 4 పరుగులు. ఆ తర్వాత మలేషియాపై 27, శ్రీలంకపై 49, బంగ్లాదేశ్‌పై 40, స్కాట్లాండ్‌పై 59 బంతుల్లో 110, సెమీస్‌లో ఇంగ్లండ్‌పై 35, ఫైనల్‌లో 44. స్కాట్లాండ్‌పై ఆ శతకం ఈ టోర్నీ చరిత్రలోనే మొదటిది. ‘గెలిస్తేనే ధైర్యం’ అనుకునే పిల్లలకు మొదటి రోజు 4 పరుగుల దగ్గరే టోర్నీ అయిపోయి ఉండేది.

ఆమె నిలబడటానికి పునాది ముందే పడింది. 2023లో దక్షిణాఫ్రికాలో జరిగిన తొలి అండర్-19 ప్రపంచకప్ ఫైనల్‌లో ఇంగ్లండ్‌పై ఛేదనలో 24 పరుగులు చేసిన అనుభవం ఉంది. అంతకంటే దగ్గరి విషయం, 2024 డిసెంబరులో అండర్-19 ఆసియా కప్ జరిగింది కూడా ఇదే బయూమస్ ఓవల్‌లో. ఫైనల్‌లో బంగ్లాదేశ్‌పై 52 పరుగులు చేసి, సిరీస్ అవార్డు కూడా అందుకున్న త్రిషకు నెల రోజుల తర్వాత అదే పిచ్, అదే ఉక్కపోత, మధ్యాహ్నం దాటితే కమ్ముకొచ్చే అవే మబ్బులు కొత్త కాదు. వీలీ చెప్పిన ‘అలవాటైన మైదానం’ అంటే ఇదే. దాని వెనుక చిన్నప్పటి నుంచి సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ అకాడమీలో చేసిన ఏళ్ల సాధన ఉంది. తండ్రి చేసిన అసలు పని పొలం అమ్మడం కంటే పెద్దది. రోజూ సాధన జరిగే ఏర్పాటు చేశాడు. పొలం అమ్మకం వార్త అవుతుంది, రోజువారీ సాధన వార్త కాదు. అందుకే మనకు మొదటిదే గుర్తుంటుంది.

ఇంకో మాట. పొలాలు అమ్మి, ఊళ్లు మారి, జాతీయ జట్టుదాకా చేరని పిల్లలు కూడా మన రెండు రాష్ట్రాల్లో ఉన్నారు. వాళ్ల కథ ఎవరూ రాయరు. ‘నీ కోసం ఇంత వదులుకున్నాం’ అనే మాట పిల్లల చెవిలో పడితే అది అండగా మిగలదు, అప్పుగా మారుతుంది. అప్పు తలమీద పెట్టుకుని క్రీజులోకి వెళ్లే పిల్లకు బంతి కంటే ముందు నాన్న మొహం కనిపిస్తుంది.

అదే మైదానంలో మరో పదకొండు మంది

ఆ టోర్నీలోనే జనవరి 21న భారత్ ఆతిథ్య మలేషియాతో ఆడింది. మలేషియా 31 పరుగులకు ఆలౌటైంది. భారత్ మూడు ఓవర్లు కూడా పూర్తికాకుండానే గెలిచేసింది. మన గ్రూపుల్లో నవ్వు బొమ్మలు వెల్లువెత్తాయి. వాళ్లూ చదువుకునే వయసు ఆడపిల్లలే. క్రికెట్ అంటే చుట్టుపక్కల చాలామందికి తెలియని దేశంలో ఆ ఆటను ఎంచుకున్నవాళ్లు. గెలుపునే కొలబద్దగా పెట్టుకుంటే ఆ పిల్లలకు మర్నాడు మైదానానికి రావడానికి కారణమే ఉండదు. అయినా వచ్చారు, మిగతా మ్యాచ్‌లు ఆడారు. నిన్నటి తనతో పోల్చుకునేవాళ్లకే అది సాధ్యం. అదే టోర్నీలో, సరవాక్‌లో, నైజీరియా అమ్మాయిలు న్యూజిలాండ్‌ను రెండు పరుగుల తేడాతో ఓడించారు. చిన్న జట్లకు అలాంటి రోజు రావాలంటే ముందు చాలా ఓటముల గుండా నడిచి రావాలి.

మన సాత్విక్ కథ కూడా ఇదే చెబుతుంది. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్‌ను, ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టిని జత చేసినవాడు మలేషియా కోచ్ టాన్ కిమ్ హెర్. 2015లో భారత డబుల్స్ కోచ్‌గా వచ్చిన ఆయన, ఇద్దరూ వెనుక కోర్టు నుంచి స్మాష్ కొట్టే రకమే అయినా పట్టుబట్టి కలిపాడు. మొదట్లో వాళ్లిద్దరికే ఈ జతపై అనుమానం. తమలో తమకు కనిపించనిది కోచ్‌కు కనిపించింది. 2018 కామన్వెల్త్ క్రీడల్లో ఆ జంట రజతం తెచ్చింది. ఆ తర్వాత మలేషియా ప్రపంచ ఛాంపియన్లు ఆరోన్ చియా, సో వూయ్ యిక్ వాళ్లకు కొరకరాని కొయ్యలయ్యారు. ఎనిమిదిసార్లు తలపడితే ఎనిమిదీ ఓడారు. తొమ్మిదోసారి, 2023 జూన్‌లో ఇండోనేషియా ఓపెన్ ఫైనల్‌లో గెలిచారు. ఎనిమిది ఓటముల తర్వాత కూడా నెట్ దగ్గరికి తల ఎత్తుకుని వెళ్లేలా చేసిన నమ్మకం గెలుపు నుంచి వచ్చింది కాదుగదా!

నమ్మకాన్ని తవ్వేసే మాటలు

ఊటలు ఎండిపోవడానికి కారణాలు బయటా ఉన్నాయి, ఇంట్లోనూ ఉన్నాయి. బయటి ఉదాహరణ సెరెంబాన్‌కు చెందిన భారత సంతతి షట్లర్ కిసోనా సెల్వదురై. 2019 ఆగ్నేయాసియా క్రీడల్లో మలేషియాకు సింగిల్స్ స్వర్ణం తెచ్చిన అమ్మాయి. 2021 అక్టోబరులో ఫిన్లాండ్‌లో జరిగిన సుదిర్మన్ కప్ సెమీస్‌లో జపాన్ క్రీడాకారిణి యమగూచి చేతిలో ఓడినందుకు, ఇక్కడి ఒక రాజకీయ నాయకుడు ఆమె పుట్టుకను ఎత్తి సామాజిక మాధ్యమంలో దూషించాడు. జాతి భేదం లేకుండా మలేషియన్లు ఆమె వెంట నిలబడ్డారు, ఆ నాయకుడు క్షమాపణ చెప్పక తప్పలేదు. ఓడిన రోజున ఎవరు పక్కన నిలబడతారన్నది ఆ తర్వాతి మ్యాచ్‌కు ధైర్యమవుతుంది.

కానీ ఇలాంటి మాటలు అనేది పరాయివాళ్లేనా? ‘ఎండలో ఆడితే నల్లబడతావు, పెళ్లెవరు చేసుకుంటారు’ అనే మాట సుబాంగ్ జయాలోనూ వినిపిస్తుంది, పెటాలింగ్ జయాలోనూ వినిపిస్తుంది. ‘ఆ పొట్టి నిక్కరేంటి’ అన్నది ఇంకొకటి. పన్నెండు, పదమూడేళ్ల వయసులో ఆడపిల్లలు ఆట మానేయడానికి చదువు ఒక్కటే కారణం అనుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే. శరీరం గురించి సిగ్గు నింపి, ఆటలో నమ్మకం ఆశించలేం.

ఇక చదువు. ఇక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో 2011 నుంచి ‘ఒక విద్యార్థి, ఒక ఆట’ విధానం ఉంది. స్కూలు స్థాయి నుంచి జిల్లా, రాష్ట్రం, దేశం దాకా పోటీలు నడిపే పాఠశాలల క్రీడా మండలి ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ప్రవేశాల్లో చదువుకు 90 శాతం, సహపాఠ్య కార్యక్రమాలకు 10 శాతం లెక్కిస్తారు. మంచి ఏర్పాటే. అయితే ఆ 10 శాతం కోసం సర్టిఫికెట్ పోగేసుకునే పిల్లవాడికీ, ఆట మీద ఇష్టంతో ఆడే పిల్లవాడికీ తేడా ఉంది. మనవాళ్లలో చాలామంది పదో తరగతి రాగానే ఆ తేడాను కూడా చెరిపేసి, రాకెట్‌ను అటక ఎక్కిస్తారు.

మనం చేయగలిగింది

ఈ దేశంలో తెలుగువాళ్లకు రెండు పాయలున్నాయి. తోటలకు వచ్చిన తాతల కాలం నుంచి ఉన్నవాళ్లు ఒకరు, ఉద్యోగాల మీద ఇటీవల వచ్చినవాళ్లు ఒకరు. 1955 నుంచి ఉన్న మలేషియా తెలుగు సంఘం మొదలు, ఈమధ్య ఏర్పడిన సంఘాల వరకు ఉగాదికి, సంక్రాంతికి పిల్లలకు ఆటల పోటీలు పెడుతూనే ఉన్నాం. నా సూచనలు మూడు.

మొదటిది, గెలిచినవాళ్లకే కప్పు ఇచ్చే పద్ధతికి తోడు, గత ఏడాదికంటే తన సమయాన్నో, స్కోరునో మెరుగుపరచుకున్న ప్రతి పిల్లకూ గుర్తింపు ఇద్దాం. రాసి పెట్టుకోవడానికి ఒక పుస్తకం చాలు. రెండోది, బాగాన్ దాతుక్‌లో పుట్టి రాష్ట్రస్థాయిలో ఆడిన అక్కలను, అన్నలను కొత్తగా వచ్చిన కుటుంబాల పిల్లలతో కలుపుదాం. ‘మనలాంటివాళ్లే చేశారు’ అన్న చూపు దూరపు టీవీలోని త్రిష కంటే దగ్గరి అక్క ఇస్తుంది. మూడోది సంఘాల పని కాదు, ఇంటి పని. మ్యాచ్ అయ్యాక కారు ఎక్కగానే ‘ఎన్ని కొట్టావు?’ అని అడగడం మానేద్దాం. ఆకలేస్తోందా అని అడిగితే చాలు, మిగతాది పిల్లలే చెబుతారు. చెప్పకపోతే ఆ రోజుకు వదిలేద్దాం.

త్రిష స్థాయికి చేరేవాళ్లు లక్షల్లో ఒకరు. కానీ 4 పరుగులకు అవుటైన మర్నాడు బ్యాట్ పట్టుకుని మళ్లీ నెట్స్‌కు వెళ్లే పిల్లలు ప్రతి ఇంట్లో ఉండొచ్చు. రేపు పరీక్ష తప్పినా, ఉద్యోగం పోయినా వాళ్లను నిలబెట్టేది ఆ అలవాటే. దానికి పొలం అమ్మక్కర్లేదు. సాయంత్రం ఒక గంట, ఓడిన రోజు కాస్త ఓపిక ఉంటే చాలు.