నొప్పి పోయిన పన్ను

పరవాడ, అనకాపల్లి ప్రాంతపు పల్లెల్లో పంటి జబ్బు గురించి వినిపించే చాలా నమ్మకాలకు పునాది ఒక్కటే: నొప్పి ఉంటే జబ్బు ఉన్నట్టు, నొప్పి పోతే జబ్బు పోయినట్టు. పిప్పి పన్నులో లవంగనూనె దూది పెట్టడం, పొగాకు నొక్కడం, రూట్ కెనాల్ మొదలుపెట్టించుకొని సలుపు తగ్గగానే క్యాప్ వేయించుకోకుండా ఊరుకోవడం, మూడూ ఆ పునాది మీద లేచినవే. మొదటి రెండింటినీ మూఢాచారమని తీసిపారేసే చదువరులు మూడోదాన్ని ఆచారంగా గుర్తించరు గాని, చికిత్స చేసిన పన్ను ఎన్నేళ్లు నిలుస్తుందన్నది చాలాసార్లు దాని మీదే ఆధారపడుతుంది.

ఆ నొప్పికి కారణంగా పంటిని పురుగు తొలుస్తుందన్న ఊహ బాబిలోనియా మట్టిపలకల నాటిది. ఐరోపాలో ఖురాసానీ వాము గింజలను నిప్పుల మీద వేసి, ఆ పొగను నోటికి పట్టించి, తర్వాత బూడిదలో కనబడే తెల్లని పోగులను పంటి నుంచి రాలిన పురుగులని చూపేవారు. అవి నిజానికి వేడికి గింజ పగిలి బయటపడిన మొలకలు. మన పల్లెల్లో వాకుడు గింజల పొగతో నడిచే తంతూ ఆ కోవలోదే. 1728లో ఫ్రెంచి దంతవైద్యుడు పియర్ ఫొషార్ సూక్ష్మదర్శినితో వెతికినా తనకు పురుగు కనబడలేదని రాశాడు.

అసలు దోషి ఎవరో 1965లో అమెరికాలో కకెహాషీ, స్టాన్లీ, ఫిట్జ్‌జెరాల్డ్‌లు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో తేలింది. పంటి నడుమ నరాలు, రక్తనాళాలతో ఉండే మెత్తని కణజాలాన్ని, అంటే దంతమజ్జను, రంధ్రం చేసి తెరిచి వదిలినప్పుడు మామూలు ఎలుకల్లో అది కుళ్ళి వేరు కొసన చీము పట్టింది; సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో మాత్రం ఆ రంధ్రంలో తిండి ఇరుక్కున్నా మజ్జ బతికి, పైన కొత్త గట్టి పొర కట్టుకుంది. కాబట్టి రూట్ కెనాల్ అంటే ‘నరం తీసేయడం’ అన్న వాడుక మాట సగమే నిజం. వేరు నాళాల్లోని సూక్ష్మజీవులను వీలైనంత తగ్గించి, అవి మళ్ళీ చేరకుండా మూసివేయడమే దాని అసలు పని. పై దవడ మొదటి నమిలే దంతంలో తరచుగా ఉండే నాలుగో సన్నని నాళం డాక్టరు కంటబడకపోయినా, పనిచేస్తుండగా లాలాజలం లోపలికి చేరకుండా రబ్బరు డ్యామ్ కట్టకపోయినా నొప్పి అప్పటికి పోవచ్చు, సూక్ష్మజీవులు మాత్రం మిగులుతాయి.

ఫార్మా సిటీ పుణ్యమా అని మందుల ముడిసరుకు తయారయ్యే మండలం పరవాడ. అక్కడ కూడా యాంటీబయాటిక్ మాత్ర మింగితే ‘పంటి చీము ఎండిపోతుంది’ అనే మాటకు లోటుండదు. మజ్జ చచ్చిన పంటిలోకి రక్తం పారదు, రక్తం పారనిచోటికి యాంటీబయాటిక్ చేరదు. వాపు తీస్తుంది గాని నాళాన్ని శుభ్రం చేయలేదు. ఆ మాటకొస్తే లవంగమే నయం, దానిలోని యూజినాల్ నిజంగానే నొప్పిని మొద్దుబారుస్తుంది, తాత్కాలిక ఫిల్లింగుల్లో దంతవైద్యులూ దాన్ని వాడతారు.

రూట్ కెనాల్ చేస్తే పన్ను చచ్చి, ఎండి, పెళుసవుతుందన్నది మరో నమ్మకం. 1989లో రీ, మెసర్, డగ్లస్‌లు కొలిచి చూసినప్పుడు చికిత్స వల్ల పంటి దృఢత్వం తగ్గింది 5 శాతమే. పుచ్చు రెండు పక్కల గోడలనూ తినేసినంత మేర పంటిని తొలిస్తే తగ్గింది 63 శాతం. పంటిని బలహీనపరిచేది పోయిన గోడలే గనుక, నమిలే దంతాలకు ఆ లోటు తీర్చేది క్యాపే. అమెరికాలో 14 లక్షలకు పైగా పళ్ళ బీమా రికార్డులను పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం చికిత్స పొందిన పళ్ళలో 97 శాతం ఎనిమిదేళ్ల తర్వాతా నోట్లోనే ఉన్నాయి. పీకేయవలసి వచ్చినవాటిలో 85 శాతానికి పూర్తి తొడుగు, అంటే క్యాప్, లేదు. క్యాప్ అంటే డాక్టరు బిల్లు పెంచే ఎత్తు అనుకునేవారు చూడవలసిన అంకె ఇది, క్యాప్ ఖరీదు కూలినాలి జనానికి భారమన్నది కాదనలేని మాటే అయినా.

పై పన్ను ముట్టుకుంటే చూపు పోతుందన్న భయానిది కాకతాళీయ న్యాయం. కోరపంటి చీముకు బుగ్గ వాచి కన్ను మూసుకుపోయిన రోజుల్లోనే మనిషి వైద్యుడి దగ్గరికి వెళతాడు. పళ్ళు ఊడే వయసులోనే శుక్లాలూ వస్తాయి. పై పళ్ళ నరం వేరు, చూపునిచ్చే నరం వేరు.

అనకాపల్లి బెల్లం పంచదారలా పళ్ళకు చేటు చేయదన్న మాటా అలాంటిదే, బెల్లంలోనూ అధికభాగం సుక్రోజే. ఆ తీపి వల్ల, నరం తీసేసిన పంటికి క్యాప్ అంచున కొత్తగా పుచ్చు పట్టినా జివ్వున లాగదు, హెచ్చరిక రాదు. అందుకే ఐరోపా దంతవైద్య మార్గదర్శకాలు నొప్పి లేకపోయినా రూట్ కెనాల్ జరిగిన ఏడాదికి ఎక్స్‌రే తీయమంటాయి. వేరు కొసన ఎముక కరిగిన చోట కనబడే నల్లని నీడ అప్పటికీ పూర్తిగా పోకపోతే, నాలుగేళ్ల దాకా చూస్తూ ఉండమంటాయి.