చేతిని కాదు, అక్షరాన్ని నమ్మండి

కొత్తగా ఆటోమేటిక్ కారు నేర్చుకునే ఫ్రెండ్స్‌కి నేను ముందు చూపించేది ‘డి’ కాదు, ‘పి’. బండి నడపడం ఎలాగూ వచ్చేస్తుంది. ఆపి దిగడం దగ్గరే ఉంది అసలు సంగతి.

‘పి’లో పెడితే గేర్‌బాక్సు లోపల ఓ చిన్న ఇనుప కొక్కెం పళ్ళచక్రం సందులో పడి బండి కదలకుండా పట్టేస్తుంది. ‘ఎన్’లో ఆ పట్టు ఉండదు. వాలు దొరికితే బండి జారిపోతుంది.

పాత కార్లలో లివర్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య కేబుల్ ఉండేది. లివర్ ఏ గాడిలో ఉందో చేతికే తెలిసేది. ఇప్పుడు చాలా కార్లలో లివర్ కదిపితే కంప్యూటర్‌కి సిగ్నల్ వెళ్తుంది, అంతే. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో అది ఆర్డర్ కాదు, రిక్వెస్ట్.

2014, 2015 మోడల్ జీప్ గ్రాండ్ చెరోకీల్లో లివర్ ఎటు తోసినా, వదలగానే మళ్ళీ మధ్యకే వచ్చేది. ‘పి’ పడిందనుకుని కొందరు దిగిపోయారు. బండ్లు కదిలిపోయాయి. 2016 ఏప్రిల్‌లో ఫియట్ క్రైస్లర్ 11 లక్షలకు పైగా వాహనాలకు రీకాల్ ప్రకటించింది. రెండు నెలలు తిరక్కముందే, ‘స్టార్ ట్రెక్’ సినిమాల నటుడు ఆంటన్ యెల్చిన్ లాస్ ఏంజెలెస్‌లో తన ఇంటి దగ్గరే చనిపోయాడు. వాలులో దొర్లివచ్చిన సొంత కారు అతన్ని గేటు స్తంభానికి నొక్కేసింది. అది రీకాల్ జాబితాలో ఉన్న గ్రాండ్ చెరోకీయే. అతని వయసు 27.

అందుకే దిగేముందు బ్రేక్ తొక్కి ఉంచండి. హ్యాండ్‌బ్రేక్ వేయండి. ‘పి’ నొక్కామా అని గుర్తు తెచ్చుకోవడం కాదు, డ్యాష్‌బోర్డు మీద ‘పి’ వెలిగిందా అని చూడండి. రెండు సెకన్ల పని.