మాత్ర చేసిన పని, మహిమకు పోయిన పేరు

మందు పనిచేస్తున్నంత కాలం కంటికి కనబడకుండా ఉండే జబ్బు ఒకటుంది. దాని పేరు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, ఆస్పత్రి వాడుకలో సీఎంఎల్. రక్తక్యాన్సరే. అయినా ఇది ఉన్నవాళ్లు రోజూ మాత్ర వేసుకుని పొలం పనికి పోతారు, ఆటో నడుపుతారు, పిల్లల్ని బడికి పంపుతారు. ఇమాటినిబ్ మందును పెద్దఎత్తున పరీక్షించిన ఐరిస్ అధ్యయనంలో, ఆ మందుతో చికిత్స మొదలుపెట్టినవారిలో పదేళ్ల తర్వాత 83 శాతం మంది బతికే ఉన్నారు. అది రాకముందు ఎక్కువమందికి దక్కింది మూడు నుంచి ఐదేళ్లు.

ఇంతగా లొంగిన క్యాన్సర్‌తో కూడా మనవాళ్లు పోతున్నారు. కొందరు మందు పనిచేయక పోతున్నారు, కొందరు మందు మానేసి పోతున్నారు. ఈ రెండో రకం చావులే నన్ను కలచివేస్తాయి. మానేయడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి, మాత్ర చేసిన మేలును తీసుకెళ్లి మరొకరి ఖాతాలో వేసే అలవాటు.

నల్గొండ వైపు ఒక తాపీ మేస్త్రీ ఇంటి సంగతి చెబుతాను. ముప్పై దాటిన మనిషి. ఎడమ డొక్కలో గట్టిగా, బరువుగా ఉండేది. నాలుగు ముద్దలు తింటే కడుపు నిండిపోయేది. ఊళ్లో దాన్ని బల్ల అన్నారు, ఇనుప కడ్డీ కాల్చి పొట్ట మీద వాతలు పెట్టించారు. ఆ బల్ల ఉబ్బిన ప్లీహం. చివరికి రక్తం పరీక్ష చేయిస్తే తెల్లకణాలు రెండు లక్షలు దాటి ఉన్నాయి. ఉండాల్సింది పదకొండు వేల లోపు. పట్నంలో సీఎంఎల్ అని తేల్చి, రోజుకు 400 మిల్లీగ్రాముల ఇమాటినిబ్ రాశారు. అదే వారం మేనమామ పసరు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు, భార్య కొండకు మొక్కుకుంది. మూడు నెలల్లో కణాల లెక్క దారికొచ్చింది, బల్ల కరిగింది, మనిషి మళ్లీ పరంజా ఎక్కాడు. ఒంటి రంగు కూడా కాస్త తేలింది. ఈ మందు వాడే కొందరికి చర్మం రంగు తగ్గుతుందని డాక్టర్లకు తెలుసు. పసరు ఇచ్చినాయన మాత్రం రక్తం శుద్ధయిందనడానికి ఆ రంగే రుజువన్నాడు. కళ్ల కింద వాపు, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం మాత్రల వేడి వల్లనేనన్నాడు. ఒకే మందు చేసిన పనుల్లో మంచి పసరుకు పోయింది, చెడు మాత్రకు మిగిలింది. మొక్కు తీర్చుకుని వచ్చాక మేస్త్రీ మాత్రలు ఆపేశాడు.

ఆపాక కొన్నాళ్లు ఏమీ కాలేదు. ఈ జబ్బులో మోసం అక్కడే ఉంది. మలేరియా మందు సగంలో ఆపితే వణుకొచ్చి చెబుతుంది. ఇక్కడ కణాలు మజ్జలో చప్పుడు లేకుండా పెరుగుతాయి, మనిషి పనిలో ఉంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు మహిమ అంటారు. నెలల తర్వాత ఆయాసంతో మేస్త్రీ మళ్లీ ఆస్పత్రి మెట్లెక్కాడు. పాత మందుకు రోగం సరిగా లొంగక వేరే మందుకు మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు పని చేసుకుంటున్నాడు. కానీ జబ్బు చివరిదైన బ్లాస్ట్ దశకు ముదిరాక వచ్చినవాళ్లను నిలబెట్టడం చాలా కష్టం.

రెండు పనులు ఒకేసారి చేసి మేలు జరిగితే, ఏది మేలు చేసిందో ఎలా తెలుస్తుంది? హేతువాదం అడిగేది ఈ ఒక్క ప్రశ్నే. దీన్ని పసరు వైద్యుడికి ఒకలా, డాక్టరుకు ఒకలా వేయకూడదు. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ డాక్టర్లు ఈ జబ్బుకు ఆర్సెనిక్ ద్రావణం తాగించారు. తెల్లకణాలు తగ్గాయి, ప్లీహం కుంచించుకుంది, రోగి లేచి తిరిగాడు. కొంతకాలానికి జబ్బు తిరగబెట్టింది. తగ్గినట్టు కనబడటం వేరు, తగ్గడం వేరు అని వైద్యం కూడా దెబ్బలు తినే నేర్చుకుంది. 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫోర్డ్ అనే పరిశోధకులు ఈ రోగుల కణాల్లో పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమును చూశారు. 1973లో జానెట్ రౌలీ అది 9, 22 క్రోమోజోముల ముక్కలు అటూ ఇటూ మారడం వల్ల వచ్చిందని తేల్చారు. ఆ అతుకు దగ్గర పుట్టిన కొత్త జన్యువు, కణాన్ని ఆగకుండా విభజించుకొమ్మని పురిగొల్పే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. ఇమాటినిబ్ వెళ్లి ఆ ప్రోటీన్‌ను పట్టేస్తుంది. 2001లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. పొట్టి క్రోమోజోము కనబడిన నాటి నుంచి మాత్ర చేతికందేదాకా నలభై ఏళ్లు. పసరు మీద అలా నాలుగు నెలలైనా ఎవరైనా లెక్క రాశారా?

పూర్వజన్మ పాపం, ఏలినాటి శని అనే మాటలు ఇంకా క్రూరమైనవి. అవి రోగిని రోగంతో పాటు నిందితుడిని కూడా చేస్తాయి. హిరోషిమా అణుబాంబు నుంచి బతికి బయటపడ్డవారిలో ఈ లుకేమియా మామూలుకన్నా ఎక్కువగా కనబడింది. వాళ్లందరి జాతకాల్లోనూ ఒకే దోషం ఉందా? రేడియేషన్ తగలని మెజారిటీ రోగుల్లో, మజ్జలోని ఒక మూలకణంలో జరిగిన పొరపాటు తప్ప చెప్పుకోదగ్గ కారణమే కనబడదు. ఆ పొరపాటు రక్తం పుట్టే చోట జరుగుతుంది, అండంలోనో శుక్రకణంలోనో కాదు. కాబట్టి బిడ్డలకు రాదు, తాకితే అంటదు. అయినా కంచం వేరు పెట్టే ఇళ్లున్నాయి. చెల్లెలి సంబంధం చెడుతుందని అన్న రిపోర్టులు దాచే ఇళ్లున్నాయి. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలకన్నా చిన్న వయసులోనే బయటపడుతోంది గనుక పెళ్లి ప్రశ్న ఇక్కడ మరీ పదునుగా కోస్తుంది. గర్భిణికి ఈ మందు పనికిరాదు, కనుక ఆడపిల్ల బిడ్డను కనాలనుకుంటే డాక్టరుతో ముందే ఆలోచించుకోవాలి. ఆ మాట ముందుగా అడగాలంటే జబ్బు సంగతి ఇంట్లో బాహాటంగా మాట్లాడగలగాలి.

ఇక మాత్ర తప్పించే ఉపవాసాల సంగతికొస్తే నాకు అంకెలే ఎక్కువ భయం పుట్టిస్తాయి. 2010లో లండన్ డాక్టర్లు ఒక పరిశీలన ప్రచురించారు. రాసిన మాత్రల్లో 90 శాతం కన్నా ఎక్కువ వేసుకున్నవారిలో దాదాపు అందరికీ ఆరేళ్లలో జబ్బు జన్యుపరీక్షలో బాగా అణిగింది. అంతకన్నా తక్కువ వేసుకున్నవారిలో మూడో వంతుకు కూడా అణగలేదు. నెలకు నాలుగు సోమవారాలు కడుపు మాడ్చుకుని మాత్ర మానేస్తే ఆ 90 శాతం గీత కిందికి జారినట్టే. ఇమాటినిబ్ అన్నం తిని, గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాల్సిన మందు గనుక ఏమీ తినని రోజున దాన్ని పక్కన పెట్టేస్తారు. రోజుకొకసారి వేసుకునే మనిషి దీక్షలో ఉంటే భిక్ష తర్వాత వేసుకోవచ్చు, రంజాన్‌లో ఇఫ్తార్ తర్వాత వేసుకోవచ్చు. ఇదే జబ్బుకు ఇచ్చే మరో మందు నిలోటినిబ్ వాడేవారి పద్ధతి వేరు, అది ఖాళీ కడుపున వేసుకోవాలి. డాక్టరును అడిగితే వేళ కుదిరిస్తారు. దేవుడి గదిలో దీపం పెట్టేవాళ్లతో నాకు పేచీ లేదు. దీపం మాత్ర స్థానంలోకి వస్తేనే నా పేచీ.

స్వస్థత సభల్లో ఆ స్థానం బాహాటంగానే అడుగుతారు. మందు మానడమే విశ్వాసానికి గుర్తని చెప్పి, బాగున్నవాళ్లను వేదికెక్కించి సాక్ష్యం చెప్పిస్తారు. తిరగబెట్టినవాళ్లను ఏ వేదికా పిలవదు. గోడల మీద, ఫోన్ వీడియోల్లో బ్లడ్ క్యాన్సర్‌కు గ్యారంటీ వైద్యం అమ్ముతూనే ఉన్నారు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. చట్టం ఉంది, ఫిర్యాదు చేసేవాళ్లు తక్కువ, పట్టించుకునేవాళ్లు ఇంకా తక్కువ.

అయితే మాత్ర మానేసినవాళ్లందర్నీ మూఢులనడం అన్యాయం. నెలకు లక్ష రూపాయలకు పైగా పలికిన కంపెనీ మందును ఎంతమంది కొనగలిగేవారు? 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ కంపెనీ నోవార్టిస్ పేటెంటు దావాను కొట్టేయడంతో, మన హైదరాబాద్ నాట్కో లాంటి సంస్థలు చేసే జెనెరిక్ మందుకు అడ్డు లేకుండా పోయింది. ఈ రోగులకు ఆయుష్షు పోసినవాటిలో ఆ తీర్పు ఒకటి. ఇప్పటికీ చార్జీలకు డబ్బుల్లేక, ఒక రోజు కూలి పోతుందని ఆస్పత్రికి రాలేనివాళ్లున్నారు. వాళ్లకు ఊళ్లోనే దొరికే పసరు చవక.

మందు మానాలన్న కోరిక మాత్రం తప్పు కాదు. జీవితాంతం మాత్ర మింగాలని ఎవరికుంటుంది? ఫ్రాన్స్‌లో ఆ కోరికనే పరీక్షకు పెట్టారు. రెండేళ్లకు పైగా పీసీఆర్ పరీక్షలో జబ్బు జాడ దొరకని 100 మందికి ఇమాటినిబ్ ఆపి, మొదట్లో నెలనెలా రక్తం చూశారు. 2010లో వచ్చిన ఫలితాల ప్రకారం సుమారు 40 శాతం మందికి జబ్బు తిరిగి రాలేదు. మిగతావారిలో వచ్చింది, ఎక్కువమందికి ఆరు నెలల లోపే. ఆ సంగతీ దాచకుండా రాశారు. జాడ కనబడగానే మాత్ర మళ్లీ మొదలుపెడితే దాదాపు అందరికీ తిరిగి లొంగింది. మేస్త్రీ చేసిందీ మాత్ర ఆపడమే, కానీ ఆయన రక్తాన్ని చూసేవాళ్లు లేరు. మూడు నెలలకొకసారి ఆ పీసీఆర్ కోసం ఆయన ఇప్పటికీ పట్నం బస్సు ఎక్కుతున్నాడు. జిల్లా ఆస్పత్రిలోనే రక్తం తీసి నమూనా పంపే ఏర్పాటు ఉంటే ఆ రోజు కూలి పోదు, పరీక్షా తప్పదు. హేతువాద సంఘాలు ప్రభుత్వాన్ని నిలదీసి అడగాల్సిన కోరికల్లో దీన్నీ చేర్చాలి.