ఎగ్మూరులో ఉన్న అమరావతి

చెన్నపట్నంలోని తెలుగు ఉపాధ్యాయులకూ, తల్లిదండ్రులకూ ఒక విన్నపం. అమరావతి స్తూపాన్ని పిల్లలకు పుస్తకంలోని బొమ్మగా చూపి ఊరుకోకండి. ఆ స్తూపపు శిల్పఫలకాలు ఎన్నో మన ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలోనే ఉన్నాయి.

2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత ఇక్కడి బడులలో తెలుగు ఐచ్ఛిక పాఠ్యాంశమైంది. "ఇది ఎందుకు చదవాలి?" అని పిల్లలు అడుగుతున్నారు. మన భాష గొప్పదని ఉపన్యసిస్తే వారికి తృప్తి కలగదు. కంటికి కనబడే ఆధారం కావాలి.

కృష్ణాతీరాన, శాతవాహనుల ధాన్యకటకం చెంత, క్రీస్తుకు పూర్వమే ఆ మహాచైత్యం వెలసింది. క్రీ.శ. 2వ శతాబ్దంలో శిల్పవైభవం పొందింది. కాలక్రమంలో మట్టిదిబ్బగా మారింది. 1797లో కాలిన్ మెకంజీ చూసేనాటికే దాని ఇటుకలూ రాళ్ళూ కొత్త కట్టడాలకు తరలిపోతున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరాయి. వాటిలో అనేకం ఆపైన లండనుకు వెళ్ళాయి. తరువాతి తవ్వకాలలో దొరికినవి పెక్కు ఇక్కడే నిలిచాయి.

ఈ ఫలకాలన్నీ రాజులు చెక్కించినవి కావు. దానశాసనాలలో వర్తకులు, గృహస్థులు, భిక్షుణులు కనిపిస్తారు. నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడు విధికుడు తోలుపని చేసేవాడు. అతడు తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో కూడి పూర్ణఘట ఫలకాన్ని సమర్పించాడు. 2018లో ఆంధ్రప్రదేశ్ స్వీకరించిన రాజచిహ్నం నడుమ ఉన్నదీ పూర్ణఘటమే. ఒక పంతులుగారి కొడుకు ఇచ్చిన కానుక గురించి మన పిల్లలకు మనం కాక ఎవరు చెబుతారు?

అయితే ఉత్సాహం కొద్దీ అవి తెలుగు శాసనాలని చెప్పకండి. వాటి భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. వాటి నడుమ 'నాగబు' అన్న మాటను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తెలుగు పదంగా గుర్తించారు. మన లిపికీ, పిల్లలు బడిలో రాసే తమిళ లిపికీ మూలం బ్రాహ్మియే. ఈ నిజం తెలిసిన బిడ్డ రెండు భాషలనూ పోటీగా చూడడు.

ఒక సెలవునాడు, గది తెరచి ఉన్నదో లేదో ముందుగా విచారించుకొని, పిల్లలను తీసుకువెళ్ళండి. ఒక్కొక్కరిని ఒక్కొక్క ఫలకం ఎన్నుకొమ్మనండి. అందులో కనిపించినదానిని అయిదు తెలుగు వాక్యాలలో రాయమనండి. తప్పులు తరువాత దిద్దవచ్చు, ముందు రాయనివ్వండి.