ఫోన్ మనది, చెవి ఎవరిది?

"అన్నా, మామూలు కాల్ వద్దు. వాట్సప్‌ల జెయ్." గద్వాల బస్టాండు కాడ చాయ్ తాగేటప్పుడైనా, వనపర్తి కోర్టు బయటైనా, నాగర్‌కర్నూల్ ఆఫీసుల చుట్టూ తిరిగేటప్పుడైనా ఇప్పుడు ఈ మాట వినబడుతున్నది. నాయకుడు అంటడు, విలేకరి అంటడు, భూమి తగాదాల ఉన్న రైతు అంటడు. నేరం చేసినోడు దాచుకుంటే అర్థం ఉన్నది. ఏ పాపం ఎరుగని మనిషి తన జేబులోని ఫోన్‌ను చూసి తానే భయపడుతున్నడంటే, అనుమానించవలసింది ఆ మనిషిని కాదు. ఆ భయం పుట్టించిన రాజ్యాన్ని.

ఈ భయం గాలికి పుట్టలేదు. 2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో ఒక కేసు నమోదైంది. ఫిర్యాదు చేసింది పోలీసులే. నిందితులు కూడా పోలీసులే. మావోయిస్టుల మీద కన్నేసి ఉంచడానికి పెట్టుకున్న స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచిలో కూర్చొని ప్రతిపక్ష నాయకుల ఫోన్లు విన్నరని, వ్యాపారుల ఫోన్లు, విలేకరుల ఫోన్లు విన్నరని ఆరోపణ. 2023 డిసెంబర్ 3న ఎన్నికల ఫలితాలు వచ్చినయి. మరునాటి రాత్రికే ఆ ఆఫీసులో హార్డ్ డిస్కులను ముక్కలు చేసిండ్రని దర్యాప్తు అధికారులు చెప్పిండ్రు. చివరికి ఒక న్యాయమూర్తి ఫోన్ మీద కూడా నిఘా పెట్టిండ్రన్న వార్తలు చూసి రాష్ట్ర హైకోర్టే తనంతట తాను విచారణకు తీసుకున్నది. దోషులెవరో తేల్చేది కోర్టు. ఆ పని మనం చేయొద్దు. కానీ ఒక ప్రశ్న అడిగే హక్కు మనకున్నది: ఇంత పని ఇంత సులువుగా ఎట్ల సాధ్యమైంది?

బాధ ఎక్కడున్నదంటే, ఇది పరాయి పాలనలో జరిగింది కాదు. ఉద్యమం నాడు మన ఫోన్లు ఎవరో వింటున్నరని అనుమానపడ్డం. సొంత రాష్ట్రం వస్తే ఆ చెవులు మూసుకుంటయనుకున్నం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. చెవులు మాత్రం అట్లనే ఉన్నయి. కుర్చీలో మనిషి మారిండు, కుర్చీ కింద తీగ మారలేదు. ఇది ఏ ఒక్క పార్టీని తిట్టిపోసి చేతులు దులుపుకునే విషయం కాదు. ఇయ్యాల ఆ పార్టీని తిట్టేటోళ్ల చేతుల్లోనే ఇప్పుడు ఆ మిషన్లున్నయి.

చట్టం ఏం చెబుతున్నదో చూద్దాం. ఫోన్ వినే అధికారం సర్కారుకు ఇచ్చింది 1885 నాటి తెల్లదొరల టెలిగ్రాఫ్ చట్టం. మన కన్నబిరాన్ ఏండ్ల తరబడి జాతీయ అధ్యక్షుడిగా నడిపిన పీయూసీఎల్ ఈ విషయం మీదనే సుప్రీంకోర్టుకు పోయింది. 1996 డిసెంబర్‌లో తీర్పు వచ్చింది. హోం కార్యదర్శి స్థాయి అధికారి ఉత్తర్వు ఉండాలె, దానికి గడువు ఉండాలె, దాన్ని ఒక కమిటీ సమీక్షించాలె అన్నది కోర్టు. ఆ తర్వాత నియమాలు వచ్చినయి. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. 1885 చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికం చట్టం చేసిండ్రు, 2024 డిసెంబర్‌లో కొత్త నియమాలు పెట్టిండ్రు. కానీ మూలం మారలేదు. అడిగేటోడు అధికారి, అనుమతి ఇచ్చేటోడు అధికారి, సమీక్ష చేసేటోళ్లు అధికారులు. జడ్జి లేడు. బయటి మనిషి లేడు. దొంగ తాళం వేసిండా లేదా అని దొంగ బామ్మర్దినే చూసి రమ్మన్నట్టున్నది.

ఈ కేసులో ఫోన్ నంబర్లకు మావోయిస్టు ముద్ర వేసి అనుమతులు తెచ్చుకున్నరని దర్యాప్తులో బయటపడినట్టు పత్రికలు రాసినయి. ఆ ముద్ర అంటే ఏందో అచ్చంపేట, అమ్రాబాద్ జనానికి ఒకరు చెప్పనక్కర లేదు. ఒకనాడు అన్నం పెట్టినందుకు నల్లమల చెంచుల మీద పడిన ముద్రే ఇయ్యాల హైదరాబాద్ నాయకుల నంబర్ల మీద పడ్డది. అడవిలో అన్యాయం జరిగిననాడు పట్టించుకోని వ్యవస్థ పట్నానికి రాకుండ ఆగుతదా?

ఇక ఇంటర్నెట్ సంగతి. ఫోన్ వినాలంటే ఒక మనిషి చెవిన పెట్టుకొని కూర్చోవాలె. ఇంటర్నెట్‌కు అది కూడా అక్కర లేదు. మనం ఉత్తరం రాసి అంటిస్తే లోపల ఏమున్నదో పోస్ట్‌మ్యాన్‌కు తెలవదు, కానీ లిఫాఫా మీది అడ్రసు తెలుస్తది. మనకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ కూడా అంతే. ఇయ్యాల చాలా వెబ్‌సైట్లు తాళం వేసే మాట్లాడుతయి. కానీ ఏ వెబ్‌సైట్‌కు పోయినం, ఎన్ని గంటలకు పోయినం, ఏ టవర్ కింద ఉన్నం అన్నది కంపెనీకి తెలుస్తది. వనపర్తిలో చదువుకునే ఆడపిల్ల అర్ధరాత్రి ఏ దవాఖాన వెబ్‌సైట్ చూసిందో తెలిస్తే చాలు, లోపలి ఉత్తరం చదివే పనే లేదు.

ఈ లిఫాఫాలను పారేయొద్దని సర్కారే కంపెనీలకు హుకుం ఇచ్చింది. కాల్ రికార్డులు, ఇంటర్నెట్ లాగ్‌లు కనీసం రెండేండ్లు దాచాలని 2021 డిసెంబర్‌లో లైసెన్సు షరతులు మార్చిండ్రు. అంతకుముందు అది ఒక ఏడాది. వీపీఎన్ అనే చాటుదారి నడిపే కంపెనీలు తమ వినియోగదారుల పేర్లు, వివరాలు ఐదేండ్లు దాచాలని 2022 ఏప్రిల్‌లో మరో ఆదేశం వచ్చింది. మావల్ల కాదని కొన్ని విదేశీ కంపెనీలు ఇక్కడి సర్వర్లు ఎత్తేసుకొని పోయినయి. దేశంలో ప్రతి ఒక్కరి లిఫాఫా దాచి, ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరు నేరం చేస్తరేమో అని ఎదురుచూడటం ఏ న్యాయం?

కంపెనీలు మన పక్షాన నిలబడతయా? 2015లో ఓటుకు నోటు వ్యవహారం నాడు మా నాయకుల ఫోన్లు విన్నరని ఆంధ్రప్రదేశ్ సర్కారు ఆరోపించింది. వివరాలియ్యాలని ఒక సర్కారు, ఇయ్యొద్దని ఇంకో సర్కారు కంపెనీల మీద పడ్డయి. పంచాయితీ కోర్టులకెక్కింది. ఆ పంచాయితీలో నలిగింది కంపెనీలు, తగువు పడ్డది సర్కార్లు. ఫోన్ బిల్లు కట్టే మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు.

"దాచుకునేది లేనోనికి భయమెందుకు?" అంటరు కొందరు. పాలమూరు వలస కూలీని అడగండి. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే అంటే, ఎక్కడెక్కడో మట్టి మోసేటోళ్లు కూడా పని వదిలి, చార్జీలు పెట్టుకొని ఊరికొచ్చి పేర్లు రాయించిండ్రు. ఏమీ దాచలేదు. తర్వాత సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. అనేక శాఖల లెక్కలను ఒక్క తాడుకు కట్టింది. ఒక పేరున్న ఇద్దరిని ఒక్కరే అనుకొని, కారు లేని పేదోనికి కారున్నదని రాసి అన్నం కాడ కోత పెట్టిన ఉదంతాలు బయటికొచ్చినయి. ఇంటికి పోయి చూడకుండ తీసేసిన రేషన్ కార్డుల మీద కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. దాదాపు 19 లక్షల కార్డులను మళ్లీ పరిశీలించాలని 2022లో కోర్టు చెప్పవలసి వచ్చింది. దాచుకునేది లేనోడే దెబ్బ తిన్నడు.

2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసిండ్రు. పేరు బాగున్నది. కానీ దేశభద్రత, శాంతిభద్రతల పేరు చెప్పి సర్కారు సంస్థలకు ఆ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రం తన చేతిలోనే పెట్టుకున్నది. అదే చట్టంతో సమాచార హక్కు చట్టాన్ని సవరించి వ్యక్తిగత సమాచారం పేరు మీద తలుపు బిగించింది. ఉపాధి హామీ మస్టర్లో దొంగ పేర్లు అడిగితే రేపు అదే జవాబు వస్తే దిక్కెవరు? మన ముచ్చట సర్కారుకు తెలవాలె, సర్కారు ముచ్చట మనకు తెలవొద్దు. ఇదీ వరస.

ఇది చదువుకున్నోళ్ల ముచ్చట కాదు. 2019లో నల్లమలలో యురేనియం తవ్వొద్దని అమ్రాబాద్ లేచింది. 2025 జూన్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని గద్వాల జిల్లా పెద్ద ధన్వాడ రైతులు లేచిండ్రు, అరెస్టయిండ్రు. ఒకప్పుడు ఊరు డప్పు చప్పుడుకు కూడేది. ఇప్పుడు వాట్సప్ గ్రూపుతో కూడుతున్నది. ఆ గ్రూపులో ఎవరున్నరో, ఎవరు ఎవరికి ఫోన్ చేసిండ్రో ముందే తెలిస్తే, ధర్నా రోజు కాదు, ధర్నా ఆలోచన పుట్టిన రోజే పోలీసు గుమ్మం ముందుంటడు.

అందుకే అడుగుదాం. ఫోన్ వినాలన్నా, ఇంటర్నెట్ చూడాలన్నా జడ్జి అనుమతి ఉండాలె. నిఘా ముగిసినంక, కేసు లేకుంటే ఆ మనిషికి చెప్పాలె. ఏడాదికి ఎన్ని ఉత్తర్వులిచ్చిండ్రో సర్కారు శాసనసభలో, కంపెనీలు తమ ఖాతాదారుల ముందట పెట్టాలె. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్ రోడ్ల మీద బండ్లాపి పిల్లల ఫోన్లలో చాటింగ్ వెతికినట్టు మన ఊర్లల్ల చేస్తే, ఏ చట్టం కింద అని అడగాలె.

మన జాగ్రత్త మనకూ ఉండాలె. 2020లో లోన్ యాప్‌లు ఫోన్‌లోని నంబర్లన్నీ గుంజుకొని, చుట్టపోళ్లకు ఫోన్లు చేసి పరువు తీస్తే కొందరు పాణం తీసుకున్నరు. టార్చిలైటు యాప్‌కు మన కాంటాక్టులెందుకు? జిరాక్స్ షాపుల ఆధార్ కాపీ వదిలి రావుడెందుకు? ఆధార్ ఇయ్యక తప్పకపోతే అంకెలు దాచిన మాస్క్‌డ్ కాపీ ఇయ్యొచ్చు. ఇంటి తలుపుకు గొళ్లెం పెట్టినోడు దొంగ కాదు, ఫోన్‌కు తాళం వేసినోడూ దొంగ కాదు.

నిజాం కాలంలో నలుగురు కూడాలంటే గస్తీ నిషాన్ 53 అడ్డమొచ్చేది. అటువంటి కాలంలోనే గద్వాల సీమ బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టిండు. ఎవరింట్ల ఎవరు అన్నం తిన్నరో గడీకి తెలిసే రోజులవి. గడీలు కూలినయి. ఇప్పుడు జేబులో గడీ పెట్టుకొని తిరగడానికా మనం కొట్లాడింది?